సి భాషలో ఎస్కేప్ సీక్వెన్సులు మనమే విప్పుకోవడం ఎలా

పెద్ద పెద్ద టెక్స్ట్ ఫైళ్లను నిలువు వరుసలుగా విడగొట్టే ప్రోగ్రామ్ ఒకటి సి లో రాయాల్సి వచ్చింది నాకు. ఏ గుర్తు దగ్గర విడగొట్టాలో వాడేవాళ్లు కమాండ్ లైన్లో చెప్తారు. కామా ఇస్తే పనిచేసింది, సెమికోలన్ ఇచ్చినా పనిచేసింది, కానీ ట్యాబ్ దగ్గర విడగొట్టాలని ఒకాయన \టి అని కొడితే ప్రోగ్రామ్ వెళ్లి బ్యాక్‌స్లాష్ దగ్గర విడగొట్టడం మొదలుపెట్టింది. కోడ్‌లో నేను స్వయంగా \టి అని రాసిన చోటల్లా ట్యాబ్ చక్కగా వస్తోంది, బయట నుంచి వచ్చిన \టి మాత్రం రెండు విడి అక్షరాలుగానే ఉండిపోతోంది. కారణం పట్టుకోవడానికి సగం రోజు పట్టింది. తర్వాత దాన్ని సరిచేయడానికి రాసిన ముప్ఫై లైన్లలో ఎన్ని గుంటలు ఉన్నాయో తెలిశాక, ఇది వివరంగా రాసి పెట్టాల్సిన విషయమే అనిపించింది.

బ్యాక్‌స్లాష్‌తో మొదలై ఇంకో బైట్‌కి బదులుగా నిలిచే ఇలాంటి రాతనే ఎస్కేప్ సీక్వెన్స్ అంటారు. ముందుగా ఒక చిన్న ఒప్పందం. ఇక్కడ \ఎన్ అని రాస్తే బ్యాక్‌స్లాష్ పక్కన ఇంగ్లీషు చిన్న ఎన్ అని చదువుకోండి. \టి, \ఎక్స్, \యు కూడా అంతే. అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మొదట, ఎవరు విప్పుతున్నారో తెలుసుకోండి

\ఎన్ అంటే కొత్త లైన్ అని క్లాసులో చెప్తారు గానీ దాన్ని కొత్త లైన్‌గా మార్చేది ఎవరో చాలాచోట్ల చెప్పరు. ప్రింట్‌ఎఫ్ మారుస్తుందనుకునేవాళ్లే ఎక్కువ. కాదు, మార్చేది కంపైలర్. మీ సోర్సులో కోట్స్ మధ్య \ఎన్ కనిపించగానే కంపైలర్ ఆ రెండు అక్షరాలూ తీసేసి 10 అనే ఒక్క బైట్ పెట్టేస్తుంది, ప్రింట్‌ఎఫ్ దగ్గరికి వెళ్లేది ఆ 10 మాత్రమే. ప్రింట్‌ఎఫ్‌కి తెలిసిన ప్రత్యేక గుర్తు ఒక్కటే, పర్సెంట్. బ్యాక్‌స్లాష్ సంగతి దానికి తెలియదు.

నమ్మకం కలగకపోతే ఇప్పుడే చేసి చూడండి. కోడ్‌లో "\ఎన్" అని రాసి, స్ట్రింగ్ పొడవు చెప్పే ఎస్‌టిఆర్‌లెన్ అడిగితే 1 వస్తుంది. అదే ఎఫ్‌గెట్స్‌తో కీబోర్డు నుంచి ఒక లైన్ చదివి, బ్యాక్‌స్లాష్, ఎన్, ఎంటర్ కొట్టి, లినక్స్ మీద ఎస్‌టిఆర్‌లెన్ అడిగితే 3 వస్తుంది. 92, 110, ఆ తర్వాత మీ ఎంటర్ తెచ్చిన 10. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు బయట నుంచి వచ్చే ఏ టెక్స్ట్‌కైనా ఇదే వరస: కమాండ్ లైన్, కాన్ఫిగ్ ఫైల్, నెట్‌వర్క్, ఏదైనా సరే. కంపైలర్ పని ఎప్పుడో అయిపోయింది కాబట్టి విప్పే పని మీదే. స్టాండర్డ్ సి లైబ్రరీలో దీనికి రెడీమేడ్ ఫంక్షన్ లేదు.

ఏ భాష నియమాలో ముందే తేల్చుకోండి

కోడ్ ముట్టుకోకముందే చేయాల్సిన పని ఇది, చాలామంది దాటేస్తారు. సి నియమాల ప్రకారం పేరున్న ఎస్కేపులు, అవి మారే బైట్ విలువలు ఇవి: \ఎ 7, \బి 8, \టి 9, \ఎన్ 10, \వి 11, \ఎఫ్ 12, \ఆర్ 13. వీటితో పాటు తమ అర్థం తామే అయినవి నాలుగు: \\, \', \", \?. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు వరకు ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా రాసే) అంకెలు, \ఎక్స్ తర్వాత హెక్స్ (పదహారు ఆధారంగా రాసే) అంకెలు, సి99 నుంచి \యు తర్వాత నాలుగు హెక్స్ అంకెలు, పెద్ద యు అయితే ఎనిమిది. టెర్మినల్ రంగులకి అందరూ వాడే \ఇ అసలు స్టాండర్డ్‌లో లేదు, జిసిసి, క్లాంగ్ అనే కంపైలర్లు తమంతట తాము ఇచ్చిన సౌకర్యం అది, అందుకే జాగ్రత్త ఉన్నవాళ్లు \033 అని రాస్తారు. \? ఎందుకుందో తెలుసా? కొన్ని పాత కీబోర్డుల్లో కొన్ని గుర్తులు లేక, రెండు ప్రశ్నార్థకాలు పెట్టి మూడో గుర్తుతో వాటిని రాసే పద్ధతి ఒకటి సి లో ఉండేది, స్ట్రింగులో నిజంగానే ??/ అని రాయాలంటే అది బ్యాక్‌స్లాష్‌గా మారిపోయేది, అలా మారకుండా ఆపడానికే \?. సి23లో ఆ పద్ధతినే తీసేశారు, \? మాత్రం మిగిలింది.

ప్రోగ్రాములు డేటా పంపుకోవడానికి వాడే జేసన్ అనే రాత పద్ధతి నియమాలు వేరు. అందులో \ఎ లేదు, \వి లేదు, \ఎక్స్ లేదు, ఆక్టల్ అసలే లేదు, కానీ సి లో లేని \/ ఉంది. మనం కొట్టే కమాండ్లు తీసుకునే షెల్ సంగతి ఇంకోటి: ప్రింట్‌ఎఫ్ కమాండ్ ఒక రకంగా చూస్తుంది, ఎకో ఒక్కో షెల్‌లో ఒక్కో రకంగా చూస్తుంది. పైథాన్‌లో తెలియని ఎస్కేప్ వస్తే బ్యాక్‌స్లాష్‌ని అలాగే ఉంచేస్తుంది, జిసిసి అయితే హెచ్చరించి బ్యాక్‌స్లాష్ పారేసి అక్షరం ఉంచుతుంది, జేసన్ అయితే తప్పు అంటుంది. మూడూ మూడు దారులు. మీ ప్రోగ్రామ్ దేన్ని పాటిస్తుందో కోడ్ పైన ఒక కామెంట్‌లో, హెల్ప్ మెసేజ్‌లో ఒక లైన్‌లో రాసేయండి. ఇక్కడ నేను సి నియమాలే పట్టుకుని వెళ్తాను, ఒకట్రెండు చోట్ల కావాలనే తప్పుతాను, అక్కడ చెప్తాను.

వెతికి మార్చే పద్ధతి వద్దు

అందరికీ మొదట తట్టేది ఇదే: స్ట్రింగ్ మొత్తంలో \ఎన్ ఎక్కడుందో వెతికి 10 పెట్టు, తర్వాత \టి వెతికి 9 పెట్టు, చివర్లో \\ వెతికి ఒక్క బ్యాక్‌స్లాష్ చేయి. ఇది పనిచేయదు. కొన్నిసార్లు కాదు, మౌలికంగానే పనిచేయదు. \\ఎన్ అనే మూడు అక్షరాల ఇన్‌పుట్ తీసుకోండి. అర్థం: ఒక బ్యాక్‌స్లాష్, తర్వాత మామూలు ఎన్. మీరు ముందు \ఎన్ వెతికితే రెండో బ్యాక్‌స్లాష్‌నీ ఎన్‌నీ జత చేసి కొత్త లైన్ చేసేస్తారు. పోనీ వరస తిప్పి ముందు \\ ని ఒక్క బ్యాక్‌స్లాష్ చేస్తే మిగిలేది \ఎన్, తర్వాతి రౌండ్‌లో అదీ కొత్త లైన్ అయిపోతుంది. వరస ఎలా మార్చినా తప్పే. విండోస్ ఫోల్డర్ పేర్లు రెండేసి బ్యాక్‌స్లాష్‌లతో రాసే కాన్ఫిగ్ ఫైళ్లలో ఈ తప్పు రోజూ కనిపిస్తుంది, ఫోల్డర్ పేరు ఎన్‌తోనో టితోనో మొదలైనప్పుడే బయటపడుతుంది కాబట్టి టెస్టింగ్‌లో తప్పించుకుని కస్టమర్ దగ్గర దొరుకుతుంది.

చేయాల్సింది ఎడమ నుంచి కుడికి ఒక్కసారి నడవడం. వాడేసిన బైట్‌ని మళ్లీ ముట్టుకోకూడదు, ముట్టుకోబోయే బైట్ ఉందో లేదో చూడకుండా అడుగు వేయకూడదు. ఈ పనిలో వచ్చే బగ్గుల్లో నేను చూసినవి దాదాపు అన్నీ ఈ రెంటిలో ఏదో ఒకటి మర్చిపోయినవే.

రెండు పాయింటర్లు పెట్టుకోండి

ఒకటి చదివేది, ఒకటి రాసేది. రెండూ స్ట్రింగ్ మొదట్లో మొదలవుతాయి. విప్పిన ఫలితం ఎప్పుడూ ఇన్‌పుట్ కంటే పొడవు ఉండదు కాబట్టి కొత్త బఫర్ అక్కర్లేదు, అదే బఫర్‌లో పైనే రాసుకుంటూ పోవచ్చు. ఇది నిజమో కాదో ఒకసారి లెక్క వేసుకోండి, ఎందుకంటే ఇలాంటి మాట గుడ్డిగా నమ్మడం మంచిది కాదు: \ఎన్ రెండు బైట్లు, ఒకటవుతుంది. \7 రెండు బైట్లు, ఒకటవుతుంది. \యు తో నాలుగు అంకెలు కలిపి ఆరు బైట్లు, యూనికోడ్ అక్షరాల్ని బైట్లుగా రాసే యుటిఎఫ్-8 పద్ధతిలో అది మహా అయితే మూడు. పెద్ద యు తో పది బైట్లు, మహా అయితే నాలుగు. ఏ వరసలోనూ పెరగదు. రాసే పాయింటర్ చదివే పాయింటర్‌ని ఎప్పటికీ దాటదు. ఒక్క షరతు, బఫర్ రాయదగినదై ఉండాలి. కోడ్‌లో కోట్స్ మధ్య రాసిన స్ట్రింగ్‌ని నేరుగా ఇచ్చేస్తే దాన్ని మార్చడం నిర్వచనం లేని పని (ఏం జరగాలో స్టాండర్డ్ చెప్పదు), లినక్స్ మీద సాధారణంగా అక్కడికక్కడే క్రాష్ అవుతుంది.

లూప్ ఆకారం ఇలా ఉంటుంది:

    చదివేది చివరికి చేరేదాకా:
        చదివే చోట ఉన్నది బ్యాక్‌స్లాష్ కాకపోతే:
            దాన్ని రాసే చోట పెట్టు, రెండూ ఒక అడుగు జరుపు, పైకి వెళ్లు
        బ్యాక్‌స్లాష్ దాటు
        ఇప్పుడు చివరికొచ్చామా? అయితే తప్పు అని చెప్పి ఆగు
        తర్వాతి బైట్‌ని బట్టి విలువ కట్టు, వాడినన్ని బైట్లు చదివేదాన్ని జరుపు
        విలువని రాసే చోట పెట్టు, రాసేదాన్ని జరుపు

ఒక ఇన్‌పుట్ పట్టుకుని చేత్తో నడిపించి చూద్దాం: 5\"\\\0619. పది బైట్లు. మొదటిది 5, మామూలుదే, రాసేశాం. తర్వాత బ్యాక్‌స్లాష్, దాటాం, ముందున్నది డబుల్ కోట్, అది తానే, రాశాం. మళ్లీ బ్యాక్‌స్లాష్, దాటితే ఇంకో బ్యాక్‌స్లాష్, రాశాం. ఈ రెండోదాన్ని వాడేశాం కాబట్టి దాని పక్కన ఏముందో మనకి అనవసరం, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మళ్లీ బ్యాక్‌స్లాష్, దాటితే 0, ఆక్టల్ అంకె, కాబట్టి 0, 6, 1 తీసుకున్నాం, విలువ 49, అంటే 1 అనే అక్షరం. మూడు అంకెలు అయిపోయాయి కాబట్టి ఆగాం. మిగిలింది 9, మామూలుది. ఫలితం 5"\19, ఐదు బైట్లు. ఇలా కాగితం మీద రెండు మూడు ఇన్‌పుట్లు నడిపించండి, డీబగ్గర్ కంటే ఇది త్వరగా అర్థమవుతుంది.

చివర్లో ఒంటరిగా మిగిలే బ్యాక్‌స్లాష్

పై లూప్‌లో "ఇప్పుడు చివరికొచ్చామా" అన్న లైన్ ఉంది చూశారా, అది మర్చిపోతే ఏమవుతుందో ప్రపంచమంతా ఒకసారి చూసింది. లినక్స్ వాడే ప్రతి ఒక్కరికీ సుడో తెలుసు, మామూలు యూజర్ అడ్మిన్ అధికారంతో కమాండ్ నడపడానికి వాడే ప్రోగ్రామ్ అది. అందులో కమాండ్ ఆర్గ్యుమెంట్లలోని బ్యాక్‌స్లాష్‌లు తీసేసే ఒక చిన్న లూప్ ఉండేది: బ్యాక్‌స్లాష్ కనిపించి, దాని పక్కన ఖాళీ లాంటిది లేకపోతే, బ్యాక్‌స్లాష్ దాటి ఆ పక్క బైట్‌ని కాపీ చేయి. ఆర్గ్యుమెంట్ చివర్లో ఒంటరి బ్యాక్‌స్లాష్ ఉంటే ఆ పక్క బైట్ ఏమిటి? స్ట్రింగ్ ముగింపు చెప్పే సున్నా. లూప్ దాన్ని కూడా మామూలు బైట్ లాగే కాపీ చేసి, దాటి, స్ట్రింగ్ బయట ఉన్నదంతా చదువుతూ, ఎస్‌టిఆర్‌లెన్ లెక్కతో కేటాయించిన బఫర్ బయటికి రాసుకుంటూ పోయింది.

మామూలు దారిలో అయితే సుడో తానే ముందు బ్యాక్‌స్లాష్‌లు చేర్చి తర్వాత తానే తీసేది కాబట్టి ఒంటరిది మిగిలే అవకాశం లేదు. కానీ సుడోఎడిట్ పేరుతో, షెల్ ఆప్షన్ పెట్టి పిలిస్తే చేర్చే పని జరగకుండా తీసే పని మాత్రం జరిగే దారి ఒకటి తెరుచుకుంది. 2011 జూలైలో చేరిన ఆ లోపాన్ని క్వాలిస్ అనే సంస్థ పరిశోధకులు 2021 జనవరి 26న బయటపెట్టారు. దాదాపు పదేళ్లు. ఆ కంప్యూటర్‌లో ఏ మామూలు అకౌంట్ ఉన్నా చాలు, రూట్ (పూర్తి అధికారం ఉన్న యూజర్) అయిపోగలిగేవాళ్లు. భద్రతా లోపాల జాబితాలో సివిఇ-2021-3156 అని దాని నంబరు. ఈ కథ ఎందుకు ఇంత చెప్పానంటే, అక్కడ జరిగిన తప్పు పెద్ద క్రిప్టోగ్రఫీ తప్పేం కాదు, మనం ఇప్పుడు రాస్తున్న ఇదే ముప్ఫై లైన్ల లూప్‌లో, ఇదే లైన్ లేకపోవడం. "ఈ ఇన్‌పుట్ ఇక్కడికి రాదులే" అనే నమ్మకం మీద కోడ్ నిలబెట్టకండి. రాదనుకున్నా సరే, చెక్ పెట్టండి.

పేరున్న ఎస్కేపులు: స్విచ్ చాలు

పదకొండు కేసులే కాబట్టి స్విచ్ రాసేయండి, చదివేవాళ్లకి కూడా స్పష్టంగా ఉంటుంది. కొందరు పొట్టిగా ఉంటుందని రెండు స్ట్రింగులు పెట్టుకుంటారు, ఒకదాంట్లో అక్షరాలు, రెండోదాంట్లో వాటి విలువలు, మొదటిదాంట్లో ఎస్‌టిఆర్‌సిహెచ్‌ఆర్‌తో వెతికి అదే స్థానంలో ఉన్న విలువ తీసుకుంటారు. బాగానే ఉంటుంది, కానీ ఎస్‌టిఆర్‌సిహెచ్‌ఆర్‌కి సున్నా బైట్ ఇచ్చి వెతకమంటే "లేదు" అనదు, స్ట్రింగ్ చివరన ఉన్న సున్నాని చూపించి "దొరికింది" అంటుంది, ముగింపు సున్నా కూడా స్ట్రింగ్‌లో భాగమే అని దాని నియమం. అంటే పైన చెప్పిన చివరి బ్యాక్‌స్లాష్ గుంట ఇంకో దారిలో మళ్లీ తెరుచుకుంటుంది. సున్నా సంగతి ముందే తేల్చుకోకుండా ఎస్‌టిఆర్‌సిహెచ్‌ఆర్ వాడకండి.

స్విచ్‌లో ఎన్ వస్తే \ఎన్ ఇవ్వు అని రాస్తారు కదా, ఒక్క క్షణం ఆగి చూడండి. 10 అనే అంకె మీ కోడ్‌లో ఎక్కడా లేదు, అది మీ కంపైలర్‌కి తెలుసు. మరి ఆ కంపైలర్ సోర్సులోనూ ఎన్ వస్తే \ఎన్ ఇవ్వు అనే ఉంటే, దానికెవరు చెప్పారు? దాన్ని కంపైల్ చేసిన పాత కంపైలర్. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1983 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో సరిగ్గా ఈ ఎస్కేప్ విప్పే కోడ్‌నే చూపించారు: \వి కొత్తగా చేర్చాలంటే ఒక్కసారి మాత్రం 11 అని అంకె రాసి కంపైల్ చేయాలి, ఆ తర్వాత సోర్సులో అంకె తీసేసి \వి అని రాసుకోవచ్చు, తెలివి బైనరీలో ఉండిపోయింది. కంపైలర్‌లో దొంగదారి ఎలా దాక్కుంటుందో చెప్పడానికి ఆయన అక్కడి నుంచి మొదలుపెట్టారు. నాకు ఈ చిన్న స్విచ్ రాసినప్పుడల్లా అది గుర్తొస్తుంది.

ఆక్టల్: మూడు దాటొద్దు, 255 దాటనివ్వొద్దు

బ్యాక్‌స్లాష్ తర్వాత 0 నుంచి 7 లోపు అంకె వస్తే ఆక్టల్. \0 అనేది ప్రత్యేక ఎస్కేప్ కాదు, ఒక్క అంకె ఉన్న ఆక్టల్ అంతే. గరిష్ఠంగా మూడు అంకెలు తీసుకోండి, అంకె కానిది కనిపించగానే ఆగండి. \1012 అంటే 65 విలువ ఉన్న బైట్, తర్వాత మామూలు 2. \08 అంటే సున్నా బైట్, తర్వాత మామూలు 8, ఎందుకంటే 8 ఆక్టల్ అంకె కాదు. \777 అంటే 511, ఒక బైట్‌లో పట్టదు, తప్పు అని చెప్పండి. దాన్ని నిశ్శబ్దంగా కత్తిరించి 255 చేయకండి.

ఇక్కడ విలువని క్యార్‌లో కాకుండా ఇంట్‌లో లెక్కగట్టండి. ఎందుకంటే చాలా కంప్యూటర్లలో క్యార్ మైనస్ విలువలు కూడా పట్టే రకం, \377 అందులో మైనస్ 1 అయిపోతుంది, మీరు "అయిపోయింది" అనడానికి కూడా మైనస్ 1 వాడుతుంటే సరైన బైట్‌ని చూసి స్ట్రింగ్ అయిపోయిందనుకుంటారు.

హెక్స్: ఇక్కడ నేను సి నియమం తప్పుతాను

సి లో \ఎక్స్ తర్వాత హెక్స్ అంకెలు ఎన్ని ఉంటే అన్నీ మింగేస్తుంది, రెండు దగ్గర ఆగదు. \ఎక్స్412 అని రాసి, 65 తర్వాత 2 వస్తుందనుకుంటే పొరపాటు, 412 మొత్తం హెక్స్ అనుకుని పట్టడం లేదని కంపైలర్ గోల చేస్తుంది. సోర్సులో అయితే దీనికి మందు ఉంది: "\ఎక్స్41" అని కోట్ మూసేసి పక్కనే "2" అని ఇంకో కోట్ తెరవడం. కంపైలర్ ముందు ఎస్కేపులు విప్పి, తర్వాతే పక్కపక్క స్ట్రింగుల్ని అతికిస్తుంది, స్టాండర్డ్‌లో విప్పడం 5వ దశ, అతకడం 6వ దశ. కానీ మీ ప్రోగ్రామ్‌కి కమాండ్ లైన్లో ఇచ్చే మనిషికి ఈ సౌకర్యం లేదు. అందుకని బయట నుంచి వచ్చే టెక్స్ట్‌కి నేను రెండు హెక్స్ అంకెల దగ్గరే ఆపేస్తాను, ఆ మాట హెల్ప్‌లో రాస్తాను. ఒక్క అంకె ఉన్నా ఒప్పుకుంటాను, ఒక్కటీ లేకపోతే తప్పు.

అంకెల్ని విలువగా మార్చడానికి ఎస్‌టిఆర్‌టిఓఎల్ మీదకి చేయి వెళ్తుంది, వెళ్లనివ్వకండి. అది ముందున్న ఖాళీలు దాటేస్తుంది, ప్లస్ మైనస్ గుర్తులు ఒప్పుకుంటుంది, 16 ఆధారం ఇస్తే ముందు 0ఎక్స్ ఉన్నా ఒప్పుకుంటుంది. అంటే \ఎక్స్ తర్వాత మైనస్ 1 అని ఎవరైనా ఇస్తే సంతోషంగా తీసుకుంటుంది. ఎస్‌స్కాన్‌ఎఫ్ కూడా ఇంతే. ఒక అక్షరం తీసుకుని 0 నుంచి 15 లోపు విలువో, కాకపోతే మైనస్ 1 ఓ ఇచ్చే ఆరు లైన్ల ఫంక్షన్ మీరే రాసుకోండి. దీనికో మంచి గుణం ఉంది: ముగింపు సున్నా హెక్స్ అంకె కాదు కాబట్టి అంకెలు వెతికే లూప్ స్ట్రింగ్ చివర దానంతటదే ఆగుతుంది. పొడవు ఇచ్చి, ముగింపు సున్నా లేకుండా వచ్చే బఫర్లకి మాత్రం ప్రతి అంకెకి ముందు చివర చెక్ పెట్టాలి.

హెక్స్ అంకె అవునో కాదో చెప్పే ఐఎస్‌ఎక్స్‌డిజిట్ వాడతామంటే వాడండి, కానీ ఇచ్చే ముందు అన్‌సైన్డ్ క్యార్‌గా మార్చి ఇవ్వండి. ఆ ఫంక్షన్లకి (ఈఓఎఫ్ అనే ముగింపు విలువ తప్ప) మైనస్ విలువ ఇవ్వడం నిర్వచనం లేని పని. ఇంగ్లీషు టెక్స్ట్‌తో ఎంత టెస్ట్ చేసినా ఇది బయటపడదు, తెలుగు టెక్స్ట్ వచ్చిన రోజు బయటపడుతుంది, ఎందుకంటే తెలుగు బైట్లన్నీ 128 పైన ఉంటాయి.

తెలుగు సంగతి

తెలుగు అక్షరాల యూనికోడ్ సంఖ్యలు 3072 నుంచి 3199 దాకా. యుటిఎఫ్-8లో ఒక్కో సంఖ్యకి మూడు బైట్లు. అ సంఖ్య 3077, బైట్లు 224, 176, 133. కాబట్టి \340\260\205 అని ఆక్టల్‌లో ఇచ్చినా అ వస్తుంది, మీ విప్పే కోడ్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి టెర్మినల్‌లో కళ్లకి కనిపించే మంచి టెస్ట్ ఇది. "తెలుగు" అనే మాట గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంఖ్యలు, పద్దెనిమిది బైట్లు.

మన లూప్ బైట్ బైట్‌గా నడుస్తుంది కదా, అక్షరం మధ్యలో ఉన్న బైట్ ఏదైనా 92 అయి బ్యాక్‌స్లాష్ లాగా కనిపించదా అన్న అనుమానం రావాలి. యుటిఎఫ్-8లో రాదు, ఒకటి కంటే ఎక్కువ బైట్లున్న అక్షరంలో ఏ బైటూ 128 కంటే తక్కువ ఉండదు. ఇది అన్ని ఎన్‌కోడింగుల్లో నిజం కాదు. జపాన్‌లో చాలాకాలం వాడిన షిఫ్ట్-జిస్‌లో కొన్ని అక్షరాల రెండో బైట్ సరిగ్గా 92, అక్కడి ప్రోగ్రామర్లు దీనితో ఏళ్ల తరబడి అవస్థ పడ్డారు. మీ ఇన్‌పుట్ యుటిఎఫ్-8 అని ఖాయం చేసుకోండి.

\యు చేర్చాలనుకుంటే సరిగ్గా నాలుగు హెక్స్ అంకెలు ఉండాలి, మూడుంటే తప్పు. వచ్చిన సంఖ్య 128 లోపైతే ఒక బైట్, 2048 లోపైతే రెండు, 65536 లోపైతే మూడు, ఆపైన నాలుగు. 55296 నుంచి 57343 వరకు ఉన్నవి అక్షరాలు కావు, 1114111 దాటితే యూనికోడే కాదు, రెంటినీ తిరస్కరించండి. జేసన్ అయితే ఆ 55296 శ్రేణిలోవే రెండు కలిసి ఒక ఎమోజీ అవుతాయి, అది వేరే లెక్క.

ఏం తిరిగి ఇవ్వాలి

ఫలితం పొడవు తప్పనిసరిగా ఇవ్వండి. \0 విప్పాక స్ట్రింగ్ మధ్యలో సున్నా బైట్ వస్తుంది, ఇక ఎస్‌టిఆర్‌లెన్ ఆ సున్నా దగ్గరే ఆగిపోతుంది, మిగతా సగం ఉందని కూడా ఎవరికీ తెలియదు. ఫైల్ పేరు లాంటివి విప్పుతుంటే సున్నా బైట్‌ని తప్పుగా పరిగణించి తిరస్కరించడమే మేలు. లేదంటే ఒక ఫంక్షన్ మొత్తం పేరు చూసి సరే అంటుంది, ఇంకో ఫంక్షన్ సున్నా దాకానే చూసి వేరే ఫైల్ తెరుస్తుంది.

తప్పు జరిగితే ఎన్నో బైట్ దగ్గర జరిగిందో కూడా చెప్పండి. "ఎస్కేప్ తప్పు" అని మాత్రమే చెప్తే రెండొందల అక్షరాల లైన్లో మనిషి ఎక్కడని వెతుక్కుంటాడు? తెలియని ఎస్కేప్ వస్తే నా ఓటు తిరస్కరించడానికే. దయతలచి అక్షరాన్ని అలాగే ఉంచేస్తే, రేపు మీరు ఆ అక్షరానికి ఒక అర్థం ఇచ్చిన రోజు పాత ఫైళ్లన్నీ అర్థం మారిపోతాయి. ఇంకో సంగతి, అదే బఫర్‌లో రాస్తుంటే తప్పు దొరికే సమయానికి సగం స్ట్రింగ్ మారిపోయి ఉంటుంది. కాబట్టి తప్పు మెసేజ్‌లో అసలు ఇన్‌పుట్ చూపించాలంటే ముందే కాపీ పెట్టుకోండి.

టెస్టులు

మొదటి చిక్కు టెస్ట్ రాయడంలోనే ఉంది. సి కోడ్‌లో టెస్ట్ ఇన్‌పుట్‌గా "\ఎన్" అని రాస్తే కంపైలర్ దాన్ని ముందే విప్పేస్తుంది, మీ ఫంక్షన్‌కి చేరేది 10. "\\ఎన్" అని రాయాలి. \\ టెస్ట్ చేయాలంటే నాలుగు బ్యాక్‌స్లాష్‌లు. మధ్యలో షెల్ కూడా ఉంటే అది డబుల్ కోట్స్‌లో కొన్ని తానే తినేస్తుంది, సింగిల్ కోట్స్‌లో ముట్టుకోదు. ఈ తలనొప్పి పడలేక నేను టెస్ట్ ఇన్‌పుట్లు ఒక టెక్స్ట్ ఫైల్లో లైనుకొకటి పెట్టి, చదివించి, ఫలితాన్ని బైట్ల సంఖ్యలుగా ప్రింట్ చేయిస్తాను.

తప్పకుండా ఉండాల్సినవి: ఖాళీ స్ట్రింగ్, ఒక్క బ్యాక్‌స్లాష్ మాత్రమే, చివర్లో ఒంటరి బ్యాక్‌స్లాష్, \\, మూడు బ్యాక్‌స్లాష్‌లు, \\ఎన్, \0, \08, \1012, \377, \400, అంకెల్లేని \ఎక్స్, చివరికొచ్చేసరికి సగంలో తెగిపోయిన \యు, తెలుగు మాట మధ్యలో \టి. వీటిని, బఫర్ బయట చదివినా రాసినా పట్టుకునే అడ్రస్ శానిటైజర్ ఆన్ చేసి నడపండి, జిసిసిలోనూ క్లాంగ్‌లోనూ ఉంది. ఒక మెలకువ: టెస్ట్‌లో వెయ్యి బైట్ల బఫర్ పెట్టి అందులో పది బైట్ల ఇన్‌పుట్ పోస్తే, మీ కోడ్ పదకొండో బైట్ చదివినా శానిటైజర్‌కి తెలియదు, అది కూడా మీ బఫరే కదా. ప్రతి ఇన్‌పుట్‌కీ మాలాక్‌తో సరిగ్గా సరిపడా చోటు తీసుకోండి, ఒక్క బైట్ దాటినా వెంటనే పట్టుకుంటుంది.

ఆఖరుగా, తిరుగు దారి కూడా రాసుకోండి: బైట్లు ఇస్తే ఎస్కేపులుగా కట్టే ఫంక్షన్. ఇక్కడ ఆక్టల్‌ని ఎప్పుడూ మూడు అంకెలతోనే రాయాలి. సున్నా బైట్ తర్వాత 1 అనే అక్షరం ఉంటే \01 అని రాస్తే అది విలువ 1 అయిపోతుంది, \0001 అని రాస్తేనే సరిగ్గా విడుతుంది. ఇది చేతిలో ఉంటే ర్యాండమ్ బైట్లు లక్షసార్లు పుట్టించి, కట్టి, విప్పి, మొదటి బైట్లతో పోల్చి చూడొచ్చు, ఎక్కడ తేడా వచ్చినా ఆ బైట్లు అక్కడే దొరుకుతాయి. నేను చేసినప్పుడు పట్టుబడింది ఇదే, సున్నా పక్కన అంకె వచ్చిన కేసు.